బిళ్ల నాది, చావు ఓదెలుది

నేను చచ్చిపోయానని రాతి మీద చెక్కుతున్నారు. మూతపడ్డ మా బావి ముందు నిలబెట్టబోయే నల్లరాయి అది. బావిలో ప్రాణాలు పోయిన పదకొండు మంది పేర్లు దాని మీద ఉంటాయి. ఏడో పేరు బానయ్య. అది నా పేరు. నేను బతికే ఉన్నాను. చచ్చినవాడు ఓదెలు. వాడి పేరు ఆ పదకొండింటిలో లేదు.

బావి అంటే బొగ్గుబావి. ఆ పని చూడనివాళ్లకు ఒక సంగతి ముందే చెప్పాలి. లోపలికి దిగేముందు ప్రతి మనిషీ దీపాల గదిలో తన నంబరున్న ఇత్తడి బిళ్ల ఇచ్చి దీపం తీసుకోవాలి. ఆ బిళ్లను బోర్డుకు తగిలిస్తారు. బోర్డు మీద ఎవరి బిళ్ల ఉంటే ఆ మనిషి లోపల ఉన్నట్టు లెక్క. మొహం ఎవరూ చూడరు. నౌకరి పక్కా కానివాళ్లను బదిలీవాళ్లు అనేవాళ్లం. ఎవరైనా రాకపోతేనే వాళ్లకు ఆ రోజు పని. అందుకని పక్కా నౌకరి ఉన్నవాడు ఒకరోజు మానుకోవాలంటే తన బిళ్లను స్నేహితుడైన బదిలీవాడికి ఇచ్చేవాడు. హాజరు వీడిది, చెమట వాడిది. తప్పే. మా బావిలో ఆ తప్పు చేయనివాడు లేడు.

యాభై ఏళ్ల కింద ఒక మొదటి షిఫ్టుకు నేను వెళ్లలేదు. జ్వరం. నా బిళ్ల మీద ఓదెలు దిగాడు. మధ్యాహ్నం పైబండ కూలింది. పైకి తెచ్చిన మనిషిని గుర్తుపట్టడానికి ఏమీ మిగల్లేదు. బోర్డు చూసి బానయ్య అని రాశారు. మా ముఠా పెద్ద, సర్దార్ అనేవాళ్లం, మా అమ్మతో, ఓదెలు తల్లితో ఒకే మాట చెప్పాడట. చచ్చింది బానయ్యే అనండి, లేకపోతే బిళ్ల మార్చుకున్నందుకు రెండిళ్లకూ ఏమీ రాదు అని. దహనం మా ఇంటి నుంచే జరిగింది. మా అమ్మ కొడుకు పోయినట్టు ఏడ్చింది. నిజంగా కొడుకు పోయిన తల్లి పక్కింటామెలా గోడ దగ్గర నిలబడి ఏడ్చింది. కంపెనీ ఇచ్చినదంతా మా అమ్మ ఆమె చేతిలోనే పెట్టింది. నెల తర్వాత మీసం తీసేసి నేను ఓదెలునై బావిలోకి దిగాను. ముప్ఫై నాలుగేళ్లు ఆ పేరు మీదే బొగ్గు ఎత్తాను. కాలనీ అంతటికీ తెలుసు. ఒక్కరూ నోరు విప్పలేదు.

ఇప్పుడు ఆ కాలనీలో మిగిలింది పిడికెడు మందిమి. అందులో కాళ్లు ఆడేది నాకే. డెబ్బై నాలుగేళ్ల వయసులో సికింద్రాబాద్ బయలుదేరడానికి కారణం ఇదీ. రాయి సంగతి చూసే కమిటీ ఆఫీసు అక్కడుంది.

రైలులో రెండు పేర్లు

మా వైపు రైలెక్కితే ఎదుటివాడు మొదట అడిగేది ఏ బావి, ఏ షిఫ్టు అని. ఆ రెండూ చెబితే చాలు, మన పుట్టుపూర్వోత్తరాలు వాళ్లకు తెలిసిపోతాయి. కాజీపేట దాటాక ఆ ప్రశ్న ఎవరూ అడగరు. నా ఎదుట కూర్చున్న ఆమె కూతురి కాన్పుకు వెళ్తోంది. డబ్బా విప్పి రెండు మక్క గారెలు నా చేతిలో పెట్టింది. ఉల్లిపాయ దండిగా వేసిన గారెలు. నా పేరు అడిగితే బానయ్య అని చెప్పాను. ఇంట్లోవాళ్లు పిలిచినట్టు హాయిగా అనిపించింది. బయటివాళ్లకు ఆ పేరు చెప్పి ఎన్నేళ్లయిందో.

తర్వాత టికెట్ చూసే ఆయన వచ్చి నా కార్డు అడిగాడు. కార్డు చూసి, "ఓదెలు గారేనా?" అన్నాడు. అవునన్నాను. ఆమె నా మొహం చూసింది, తన సంచి చూసుకుంది, సంచిని మెల్లగా కాళ్ల కిందికి జరుపుకుంది. గారెల డబ్బా మూత కూడా పెట్టేసింది.

"నిజం పేరేది పెద్దయ్యా?" అని అడిగింది కాసేపటికి.

రెండూ నిజమేనన్నాను.

"గట్లెట్ల ఉంటది?" అని మొహం కిటికీ వైపు తిప్పుకుంది. సికింద్రాబాద్ దాకా మళ్లీ మాట్లాడలేదు. ఆమె తప్పేం లేదు. కంపెనీ యాభై ఏళ్లలో ఒక్కసారి అడగని ప్రశ్న ఆమె గంటలో అడిగింది.

సీతాఫల్‌మండి

ఓదెలు చెల్లెలు లక్ష్మి సీతాఫల్‌మండిలో ఉంటుంది. ఆమె భర్త మల్లేశం లాలాగూడ రైల్వే వర్క్‌షాపులో చేసి రిటైరయ్యాడు. స్టేషన్ బయట ఆటో అతను నూట యాభై అన్నాడు. ఆ డబ్బుకు మా దగ్గర పొరుగూరికి పోయి రావచ్చని చెబితే, అయితే మీ దగ్గరే ఎక్కు తాతా అన్నాడు. నూట ఇరవైకి తెగింది. వీధి మొదట్లోనే దింపి, లోపలికి బండి తిరగదన్నాడు. నిజమే, తిరగదు. ఆ సందుల్లో ఇద్దరు ఎదురైతే ఒకరు గోడకు ఒత్తుకోవాలి. బావిలో పనిచేసినవాడికి అది ఇబ్బంది కాదు. కానీ మా కాలనీలో తలుపులు పగలంతా తెరిచే ఉంటాయి. ఇక్కడ మనిషి ఇంట్లో ఉన్నా ఇనుప గేటుకు తాళం.

లక్ష్మి గేటు తీస్తూనే, "ఓదెలన్నా, చిక్కిపోయినవేందీ" అంది.

ఆమె నన్ను అలాగే పిలుస్తుంది. ఓదెలు పోయినప్పుడు ఆమెకు ఎనిమిదేళ్లు. కంపెనీ వాళ్ల ముందు బానయ్యను ఓదెలన్న అని పిలవాలని వాళ్లమ్మ నేర్పింది. ఆ పిలుపు అలాగే ఉండిపోయింది. ఆమె పెళ్లిలో అన్న చేయాల్సినవన్నీ నేనే చేశాను. ఏటా రాఖీ కట్టడానికి ఆమే మా ఊరు వచ్చేది.

సర్వపిండి, పచ్చిపులుసు చేసింది. మల్లేశం బావ నా పళ్లెం వైపు చూస్తూ, బొగ్గోళ్లు తినుడు చూస్తే మా ఇంజన్లు గుర్తుకొస్తయి, ఎంతేసినా ఇంకింత అంటయి అన్నాడు. నవ్వుకున్నాం. ఆ నవ్వుల్లోనే నేను వచ్చిన పని చెప్పాను. రాతి మీద ఓదెలు పేరు చెక్కించాలి, నా పేరు తీయించాలి, దానికి రక్తసంబంధం ఉన్న మనిషిగా నువ్వు నాతో రావాలి అన్నాను.

లక్ష్మి నవ్వు ఆగిపోయింది. లేచి గిన్నెలు సర్దడం మొదలుపెట్టింది. వెనక్కి తిరక్కుండానే మాట్లాడింది.

"మా అన్నను నేను సావనియ్యలేదన్నా. నిన్ను పిలిశినప్పుడల్ల ఆయిన పేరు నోట్లకొస్తది. రాయి మీదెక్కినంక మల్ల ఆ పేరుతోని నిన్నెట్ల పిలుస్త? నేన్రాను."

బావ కళ్లతోనే ఊరుకోమన్నాడు. ఊరుకున్నాను.

తిరుమలగిరి, మొదటి రోజు

మర్నాడు ఒక్కణ్నే వెళ్లాను. తప్పు బస్సెక్కి అల్వాల్ దాకా పోయి వెనక్కి వచ్చాను. తిరుమలగిరి మిలిటరీ పేట. రోడ్డు పక్క చెట్లకు సున్నం, రాళ్లకు సున్నం, ఎక్కడ చూసినా గేటు, గేటుకో తుపాకీ. దారి అడగడానికి ఆగినా ఎవరు మీరన్నట్టు చూస్తారు. నా విషయంలో ఆ చూపు మరీ గుచ్చుకుంది. ఎవరో చెప్పడానికే కదా వచ్చాను.

కమిటీ ఆఫీసు ఒక మందుల దుకాణం పైన రెండు గదులు. ముందు గదిలో స్వరూప అనే అమ్మాయి కంప్యూటర్ ముందు కూర్చుని ఉంది. ముప్ఫై ఏళ్లుంటాయి. నాన్న మిలిటరీ క్యాంటీన్‌లో పనిచేశాడట, బొగ్గుబావి ఎలా ఉంటుందో ఫొటోలోనే చూసిందట. నేను చెప్పింది మొత్తం విని, సొరుగులోంచి ఒక ఫారం తీసిచ్చింది. పేరు సవరణ దరఖాస్తు.

అందులో మొదటి గడి, మృతుని పేరు. రెండో గడి, దరఖాస్తుదారుని పేరు. మూడోది, దరఖాస్తుదారునికి మృతునితో సంబంధం. మొదటి గడిలో ఏం రాసినా రెండో గడిలో చిక్కు వస్తోంది. కార్డు ప్రకారం నేను ఓదెలును, మృతుడు బానయ్య. నిజానికి నేను బానయ్యను, మృతుడు ఓదెలు. రెండు ఫారాలు పాడు చేశాను. స్వరూప మూడోది ఇస్తూ, ఇది కరాబు చేస్తే జిరాక్స్ తీసుకురావాల్సింది నువ్వే తాతా అంది.

చదువు నాకు బడిలో రాలేదు. బొగ్గు నింపిన టబ్బు, అంటే పట్టాల మీద నడిచే ఇనుప తొట్టి, ఎవరిదో తెలియడానికి దాని పక్క మీద సుద్దతో గుర్తు పెట్టేవాళ్లం. ఒకరు సున్నా, ఒకరు గీత, నేను చేప బొమ్మ. ఓదెలు ఒక్కడే పేరు రాసేవాడు. మూడే అక్షరాలు, పెద్దపెద్దవి. నేను మొదట చదివిన మాట అదే. తర్వాత నా పేరు రాయడం వాడే నేర్పాడు. అక్కణ్నుంచి పట్టుకుని దొరికిన ప్రతి కాగితం చదివాను, సమోసాలు కట్టిచ్చిన కాగితంతో సహా. అలాంటి నన్ను మూడు గడుల ఫారం ఓడించింది. మూడో గడిలో చివరికి ఇలా రాశాను. నా పేరు మీద చచ్చినవాడు.

అప్పటికి కార్యదర్శిగారు వచ్చారు. కోస్తా వైపు పెద్దమనిషి. వేరే గనుల్లో మేనేజరుగా చేసి ఇక్కడ స్థిరపడ్డారు. మర్యాదలో లోటు చేయలేదు. కాఫీ తెప్పించారు. ఫారం రెండుసార్లు చదివి కళ్లజోడు తీశారు.

"మీ బాధ నాకు అర్థమైందండీ. కానీ మీరేం రాస్తున్నారో మీకు అర్థమైందా? ఇంకొకరి పేరుతో ముప్ఫై నాలుగేళ్లు నౌకరీ చేశానని చేతిరాతతో ఇస్తున్నారు. ఈ కాగితం నా బల్ల మీదే ఉండిపోతుందని నేను మాటివ్వలేను. మీ పెన్షన్ ఏ పేరు మీద వస్తోంది?"

ఓదెలు పేరు మీదేనన్నాను.

"మరి ఓదెలు యాభై ఏళ్ల కిందే చనిపోయాడంటే, పెన్షన్ తీసుకుంటున్నది ఎవరండీ?"

నాకు, మా ఆవిడకు ఆ పెన్షనే ఆధారం. ఆయన బెదిరించలేదు. నిజంగానే నా మంచి కోరి అడిగారు. అదే నాకు ఎక్కువ మండింది. నేను ఏమీ చేయకుండా ఉంటేనే అందరికీ మంచిదని యాభై ఏళ్ల కింద సర్దార్ కూడా ఇంతే మంచిగా చెప్పాడు.

రాయి ఎంతవరకు వచ్చిందని అడిగాను. అయిదు పేర్లు అయ్యాయట. ఏడోది ఎల్లుండికి వస్తుందట. రేపు సాయంత్రంలోగా వాంగ్మూలం, ఏదైనా ఆధారం, రక్తసంబంధీకుల సంతకం తీసుకొస్తే కమిటీ ముందు పెడతానన్నారు. ఆలోచించుకుని రమ్మని మెట్ల దాకా వచ్చి సాగనంపారు.

రాతి దుకాణం

ఆ రాయి చెక్కే చోటు దగ్గరేనని స్వరూప చెప్పింది. శ్మశానం గోడను ఆనుకుని రేకుల షెడ్డు. సమాధి రాళ్లు వరుసగా నిలబెట్టి ఉన్నాయి, తెలుగు, ఇంగ్లీషు, ఉర్దూ, తమిళం. రాతిపని ఆయన ముక్కుకు గుడ్డ కట్టుకుని పనిచేస్తున్నాడు. రాతిపొడి ఆయన కనుబొమ్మల మీద తెల్లగా పేరుకుంది. మా మొహాలు నల్లగా ఉండేవి, అంతే తేడా. దగ్గు కూడా మా దగ్గే. చాయ్ తెప్పించాడు. పదిహేను రూపాయలు, రెండు గుక్కలు. మా దగ్గర పది రూపాయలకు గ్లాసు నిండా పోస్తారని చెబితే, గ్లాసు నిండా పోస్తే కిరాయి ఎవడు కడతడు పెద్దాయనా అని నవ్వాడు.

మా రాయి రెండు దిమ్మల మీద వెల్లకిలా పడుకోబెట్టి ఉంది. అయిదు పేర్లు లోతుగా చెక్కాడు. మిగతా ఆరూ ముందు తెల్లగా గీసిపెట్టుకున్నాడు, తర్వాత ఉలి తిప్పడానికి. ఏడోది బానయ్య. నల్లరాతి మీద తెల్ల సుద్ద. చక్కటి అక్షరాలు.

"మీవాళ్లా?" అన్నాడు.

"నేనే" అన్నాను.

ఆయన ముక్కు గుడ్డ కిందికి దించి నన్ను చూశాడు. ఫోన్ మోగితే బయటికి వెళ్లాడు.

షెడ్డులో నేనూ రాయీ మిగిలాం. సుద్ద గీతే. అరచేత్తో ఒక్కసారి తుడిస్తే పోతుంది. మళ్లీ గీసేదాకా ఒకటి రెండు రోజులు కలిసొస్తాయి. చెయ్యి ముందుకు చాపాను కూడా. రాయి చల్లగా తగిలింది. అక్షరాలకు బెత్తెడు దూరంలో నా చెయ్యి ఆగిపోయింది. ఎంత లాగినా వెనక్కి రావడానికి చాలాసేపు పట్టింది.

ఎందుకు ఆగిందో బతికున్నవాళ్లలో నాకొక్కడికే తెలుసు. ఆ సాయంత్రం దాకా ఇంకెవరికీ తెలియదు.

మళ్లీ సీతాఫల్‌మండి

లక్ష్మి ఇంటి ముందు మెట్ల మీద కూర్చున్నాం. పొద్దు ఇంకా వాలలేదు. ఎదుటింటివాళ్లు బియ్యం చెరుగుతున్నారు. బావ లోపల రేడియో పెట్టుకున్నాడు. నేను పైన జ్వరం అని రాశాను. ఇన్నేళ్లూ అందరికీ అదే చెప్పాను. మా ఆవిడకూ అదే చెప్పాను. నాకు జ్వరం లేదు. ఆ రోజు నేను బిళ్ల ఓదెలుకిచ్చి దగ్గరి టౌనులో పదకొండున్నర ఆట సినిమాకు పోయాను. ఇది ముందు లక్ష్మికే చెప్పాలని అప్పుడు అనిపించింది, చెప్పాను.

నేను ఆపకుండా మిగతాది కూడా చెప్పేశాను. సినిమా వదిలాక తిరిగొచ్చేసరికి బావి ముందు జనం. సర్దార్ నన్ను చూసి పక్కకు లాక్కుపోయాడు. బండ పడకముందు ఓదెలు నింపిన టబ్బులు పైకొచ్చి పట్టాల మీద వరుసగా ఉన్నాయి. నా బిళ్ల మీద దిగినవాడు నా గుర్తు పెట్టాలి, చేప బొమ్మ. మొదటి రెండు టబ్బుల మీద చేపే వేశాడు. మూడో టబ్బు మీద అలవాటు కొద్దీ మర్చిపోయాడు. సుద్దతో పెద్దగా రాసి ఉంది, ఓదెలు.

అది ఎవరైనా చూస్తే అంతా బయటపడుతుందని సర్దార్ అన్నాడు. తుడిచెయ్యమన్నాడు. నేను ఈ చేత్తోనే తుడిచాను. బొగ్గుదుమ్మూ సుద్దా కలిసి అరచెయ్యి బూడిద రంగయింది. దాని మీద చేప బొమ్మ వేశాను.

ఎదుటింటి చేట చప్పుడు వినబడుతోంది. లక్ష్మి కొడుతుందనుకున్నాను. గేటు తీసి వెళ్లిపొమ్మంటుందనుకున్నాను. ఆమె నా చేతి వైపు చూస్తూ అడిగింది.

"పేరు పూరా రాసిండా? మూడక్షరాలు?"

మూడూ రాశాడన్నాను.

"అయితే మా అన్న తన పేరు రాసుకునే పోయిండు" అంది. ఆ మాట నాకు చెప్పినట్టు లేదు. లేచి లోపలికి వెళ్లింది. సజ్జ మీద నుంచి ఏదో లాగుతున్న చప్పుడు. రేకు పెట్టె ఒకటి తెచ్చి నా ముందు పెట్టి మూత ఎత్తింది. మూత లోపలివైపు మేకుతో గీకిన అక్షరాలు. ఓదెలు. చివరి లు కొమ్ము కుడివైపు బాగా సాగదీసి ఉంది. టబ్బు మీదా అలాగే ఉండేది.

"ఆయిన రాసిండు, నువ్వు తుడ్సినవు. రేపు రాయిపియ్యి. నేనొస్త" అంది. ఆ రాత్రి నాకు అన్నం పెట్టింది కానీ నాతో మాట్లాడలేదు. ఓదెలన్నా అని ఆమె నన్ను మళ్లీ పిలవలేదు. ఇప్పటికీ పిలవలేదు.

తిరుమలగిరి, రెండో రోజు

రేకు పెట్టెను ఆటోలో ఒళ్లో పెట్టుకుని వెళ్లాం. ఈసారి ఆటో అతను రెండొందలన్నాడు. బేరం ఆడబోతే లక్ష్మి, "ఆనాడు సర్దార్‌తోని బేరమాడకపోతివి, ఇక్కడ ఆడుతున్నవా" అంది. అడిగినంతా ఇచ్చాను.

వాంగ్మూలం నేనే రాశాను. నాలుగు పేజీలు. జ్వరం అని రాయలేదు. సినిమా అనే రాశాను. సుద్ద సంగతి కూడా రాశాను. కార్యదర్శిగారు ప్రతి పేజీ చదివి పక్కన పెట్టారు. పెట్టె మూత చూశారు. వేలితో అక్షరాలు తడిమారు కూడా.

"ఇది ఆయన రాసుకున్న పేరే కావచ్చండీ. ఈ పేరున్న మనిషి ఒకడు ఉన్నాడని ఇది చెబుతుంది. చనిపోయాడని చెప్పదు కదా."

"నేను చెప్తున్న కదా సారూ. నేనాయిన చెల్లెను" అంది లక్ష్మి.

"మీ పెళ్లి ఫొటోలో అన్నగా కూర్చున్నది ఎవరమ్మా?"

లక్ష్మి నన్ను చూసింది. ఆయన తప్పు పట్టడం లేదు. రుజువు అడుగుతున్నారు. రుజువు లేకుండా చేసింది మేమే. పెళ్లి, రాఖీ, పిలుపు, యాభై ఏళ్లుగా మేం ప్రేమగా చేసిన ప్రతి పనీ ఆ గదిలో ఓదెలు చావుకు ఎదురు సాక్ష్యమైంది.

"పెన్షన్ సంగతి ఆలోచించుకున్నారా?" అని చివరిసారి అడిగారు. ఆలోచించానన్నాను. రాత్రి మా ఆవిడకు ఫోన్ చేసి అంతా చెప్పాను. జ్వరం సంగతి కూడా. ఆమె, వాంగ్మూలంలో తప్పుల్లేకుండా రాయి అంది.

సంతకం పెట్టే చోటు వచ్చింది. ఏ పేరు పెట్టాలి? బ్యాంకులో, ఆస్పత్రిలో, ఓటు దగ్గర ఓదెలు అని కళ్లు మూసుకుని గీకేస్తాను. ఆ కాగితం మీద బానయ్య అని పెట్టాలి. చేతికి అలవాటు లేదు. బా రాశాను, ఆగాను. న రాశాను. యకు వత్తు ఇవ్వడానికి కలం రెండుసార్లు ఎత్తాను. మొదటిసారి సుద్ద పట్టుకున్న రోజు ఓదెలు నా మణికట్టు పట్టుకుని ఆ వత్తు తిప్పించాడు. ముందు గదిలోంచి స్వరూప వచ్చి తలుపు దగ్గర నిలబడి చూస్తోంది.

కార్యదర్శిగారు సంతకం చూసి, ఇది మీ కార్డుతో కలవదండీ అన్నారు. కలవకూడదనే వచ్చానని చెప్పాను. ఆయన కోప్పడలేదు. కమిటీ నిర్ణయం పోస్టులో వస్తుందన్నారు.

దిగేటప్పుడు స్వరూప మెట్ల దాకా వచ్చింది. పెట్టె మూతకు ఫోన్‌తో ఫొటో తీసుకుంది. ఎందుకమ్మా అంటే, ఉంచుకుంట తాతా, ఉత్తగనే అంది. తర్వాత లక్ష్మి వినకుండా అడిగింది. ఇంట్లో నన్ను ఏమని పిలుస్తారని.

జవాబు

తిరిగొచ్చి ఇరవై రోజులు పోస్టుమన్ కోసం చూశాను. పెన్షన్ రోజు బ్యాంకుకు పోయి, కౌంటర్ దగ్గరికి వెళ్లకుండానే వెనక్కి తిరిగాను. మర్నాడు మా ఆవిడ పోయి తెచ్చింది. ఈ నెలకు వచ్చింది. వచ్చే నెల సంగతి తెలియదు. రాయి లారీలో వచ్చిందని, గుడ్డ కప్పి బావి ముందు దింపారని విన్నాను. చూడటానికి పోలేదు. ఉత్తరం మొన్న వచ్చింది. పైన ముద్ర, కింద కార్యదర్శిగారి సంతకం. ఒక్క అక్షరం మార్చకుండా ఇక్కడ దించుతున్నాను.

"శ్రీ ఓదెలు గారికి. మీ దరఖాస్తు, వాంగ్మూలము కమిటీ ముందు ఉంచబడినవి. బానయ్య అను వ్యక్తి జీవించి ఉన్నట్లు మీరే లిఖితపూర్వకముగా తెలిపినందున సదరు పేరు శిలాఫలకము నుండి తొలగించడమైనది. రికార్డుల ప్రకారము ఓదెలు అను వ్యక్తి, అనగా తమరు, జీవించి ఉన్నందున ఆ పేరు చెక్కుటకు వీలుపడదు. కావున ఏడవ స్థానము ఖాళీగా ఉంచబడినది. మీ వాంగ్మూలము దస్త్రములో భద్రపరచబడినది. ఇట్లు, కార్యదర్శి."

దాని కింద నీలం సిరాతో, చేతిరాతలో రెండు వరుసలు ఉన్నాయి.

"బానయ్య తాతా, ఏడో వరుసల మూడక్షరాల జాగ ఇడిచిపెట్టమని రాతిపనాయనకు నేనే చెప్పిన. రాయి కాడ కాపల ఎవ్వరుండరు. స్వరూప."